తొలి ఈతలో దూడను లాగాల్సి వచ్చిందా? ఆ తర్వాత పెయ్యను నిలబెట్టుకునే పద్ధతి, మొదటి గంట నుంచి మళ్లీ కట్టించేదాకా

"తొలి ఈత పెయ్య. దూడ పెద్దది, నలుగురం పట్టి లాగాం. దూడ బాగానే ఉంది, తల్లి లేవడం లేదు. కాల్షియం పెట్టించినా లేవలేదు. ఇప్పుడేం చేయాలి?" కావలి వైపు వాళ్లు అడిగినా, చీమకుర్తి వైపు వాళ్లు అడిగినా ప్రశ్న ఇంచుమించు ఇదే. అందులో కాల్షియం మాట ఉండి తీరుతుంది.

ముందు ఆ మాట తేల్చుకుందాం. కాల్షియం పెట్టేది పాలజ్వరానికి, అంటే ఈనగానే రక్తంలో కాల్షియం పడిపోయి గొడ్డు కూలబడే జబ్బుకు. అది ఎక్కువగా మూడో ఈత దాటిన, పాలు బాగా ఇచ్చే గొడ్లకు వస్తుంది. తొలి ఈతలో అరుదు. లాగి ఈనించిన పెయ్య లేవడం లేదంటే మొదట అనుమానించాల్సినవి వేరే ఉన్నాయి. దూడ కటి ఎముకల మధ్య ఇరుక్కున్నప్పుడు కాళ్ల నరాలు నలిగి ఉండొచ్చు. గర్భసంచి చీరుకుపోయి ఉండొచ్చు. రెండు మూడు రోజులు దాటితే లోపల చీము పట్టి ఒళ్లంతా విషం ఎక్కి ఉండొచ్చు. వీటిలో ఏదీ కాల్షియం సీసాతో పోదు.

ఆవు పెయ్యకైనా, బర్రె పడ్డకైనా పద్ధతి ఒకటే. తేడా ఉన్నచోట చెబుతాను. ఇది డాక్టరు వచ్చేలోపు, వచ్చి వెళ్లాక ఇంట్లో చేయాల్సిన పని. డాక్టరు చేసే పనికి బదులు కాదు.

1. చేతికి అందేలా పెట్టుకోవాల్సినవి

ఈత దగ్గరపడుతున్నప్పుడే ఇవి కొట్టంలో ఉంటే అర్ధరాత్రి పరుగులు ఉండవు.

- మందుల షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటర్. చివర ఒక దారం కట్టి ఉంచండి.
- భుజం దాకా వచ్చే ప్లాస్టిక్ గ్లవుజులు, కనీసం మూడు జతలు
- పోవిడోన్ అయోడిన్ సీసా, దూడ బొడ్డుకు టింక్చర్ అయోడిన్
- శుభ్రమైన బకెట్లు రెండు, ఉప్పు, బెల్లం
- మెత్తటి పాత గుడ్డలు, గోనె సంచులు, మెత్తని తాడు
- టార్చి లైటు, చిన్న నోటుపుస్తకం, పెన్ను
- మీ మండల పశువైద్యుడి నంబరు, సచివాలయం పశుసంవర్ధక సహాయకుడి నంబరు. సంచార పశువైద్య వాహనం కోసం 1962, ఇది ఉచితం.

ఇసుక సంగతి కింద విడిగా చెబుతాను. అన్నిటికంటే ముఖ్యమైన సరుకు అదే.

2. మొదటి రెండు గంటలు

ఈ వరుస మార్చకండి.

ఒకటి, పెయ్య పక్కకు చాపుకొని పడి ఉంటే వెంటనే రొమ్ము మీద కూర్చోబెట్టండి. కాళ్లు మడిచి, మామూలుగా నెమరు వేసేటప్పుడు కూర్చునే తీరులో ఉండాలి. ఒరిగిపోతుంటే భుజం దగ్గర ఇసుక మూటో, గడ్డి మోపో ఆనించండి. చాపుకొని పడుకున్న గొడ్డుకు కడుపు ఉబ్బి ఊపిరి అందదు.

రెండు, వెనక వైపు చూడండి. చుక్కలు చుక్కలుగా, తీగలుగా రక్తం ఉంటే భయం లేదు. ఎర్రటి రక్తం ధారగా కారుతుంటే, చిగుళ్లు తెల్లబడితే ఒక్క నిమిషం కూడా ఆగకుండా ఫోన్ చేయండి.

మూడు, దూడను లాగింది డాక్టరైతే వెళ్లేలోపు రెండు ప్రశ్నలు అడగండి: లోపల రెండో దూడ లేదు కదా? గర్భసంచి ఎక్కడా చిరగలేదు కదా? లాగింది ఊళ్లోవాళ్లే అయితే ఈ రెండూ చూడటానికైనా డాక్టరును పిలవాలి. మీరు చేయి పెట్టి వెతకొద్దు.

నాలుగు, గోరువెచ్చని నీళ్లు. 20 లీటర్లలో ఒక గుప్పెడు ఉప్పు, అంటే 100 గ్రాములు, పావుకిలో బెల్లం కలిపి ముందు పెట్టండి. తనంతట తాను ఎంత తాగితే అంత. పక్కనే ఇంకో బకెట్లో ఉత్త నీళ్లూ ఉంచండి.

ఐదు, దూడను తల్లి ముక్కు దగ్గరికి జరపండి. నాకనివ్వండి. లాగిన దూడ నాలుక వాచి సరిగా చీకలేకపోవచ్చు. అలాంటప్పుడు జున్నుపాలు పిండి పాలపీక సీసాతో పట్టాలి. మొదటి పాలు రెండు గంటల లోపే పడాలి. 25 కిలోల దూడకు మొదటి 12 గంటల్లో విడతలుగా రెండున్నర లీటర్లు అందాలి.

మాయ పడేదాకా దూడను చీకనివ్వకూడదనే పట్టింపు మన ఊళ్లలో ఇంకా ఉంది. అది దూడకూ చెరుపే, తల్లికీ చెరుపే. దూడ చీకితే తల్లి ఒంట్లో పాలు చేపే హార్మోన్ విడుదలై గర్భసంచి ముడుచుకుంటుంది, మాయ పడటానికీ అదే సాయం. పెద్దవాళ్లు అడ్డుపడితే డాక్టరు చేతే చెప్పించండి. మన మాటకంటే ఆయన మాట వింటారు.

3. లేవని పెయ్య: నరమా, పాలజ్వరమా, విషమా?

ముందు నిలబడి మొహం చూడండి. తర్వాత వెనక కాళ్ల దగ్గర కూర్చుని గిట్టల మధ్య చీలికలో వేలితో గట్టిగా నొక్కండి.

*నరాలు నలిగితే:* కళ్లు చురుగ్గా ఉంటాయి. మేత వేస్తే తింటుంది, దూడ అరిస్తే చెవులు అటు తిప్పుతుంది. లేవాలని ముందు కాళ్ల మీద బరువు వేస్తుంది, నడుము నుంచి వెనక భాగం రాదు. లేచినా వెనక కాళ్లు చెరో పక్కకు జారిపోతాయి, లేదా గిట్ట మడత పడి కాలి ముందు వైపు నేలకు ఆనుతుంది. గిట్టల మధ్య నొక్కినప్పుడు కాలు లాక్కుంటే స్పర్శ ఉన్నట్టే, ఆశ ఎక్కువ.

*పాలజ్వరమైతే:* మనిషి వచ్చినా పట్టించుకోదు. తల డొక్క వైపు తిప్పి పెట్టుకుంటుంది. చెవులు చల్లగా, మూతి పొడిగా ఉంటాయి. పేరులో జ్వరం ఉన్నా థర్మామీటర్‌లో జ్వరం కనిపించదు, ఒళ్లు ఇంకా చల్లబడుతుంది. సాధారణంగా ఈనిన 3 రోజుల్లోపే వస్తుంది.

*విషం ఎక్కితే:* మేత మానేస్తుంది, కళ్లు లోపలికి పోతాయి, వెనక నుంచి కుళ్లు వాసనతో నీళ్లలాంటి ఎర్రటి స్రావం. మొదట జ్వరం 103 దాటుతుంది, ముదిరితే ఉష్ణోగ్రత మామూలు కంటే పడిపోతుంది. అప్పుడు జ్వరం తగ్గిందని సంబరపడేవాళ్లను చాలామందిని చూశాను.

ఈ మూడింటిలో ఏది కనిపించిందో ఫోన్‌లోనే డాక్టరుకు చెప్పండి. "లేవడం లేదు సార్" అని ఊరుకుంటే ఆయన కూడా కాల్షియం సీసాతోనే బయలుదేరతారు. కాల్షియం అవసరమేనని ఆయన తేలిస్తే ఆయనే ఎక్కించాలి. సీసాను గోరువెచ్చగా చేసి, గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా ఎక్కిస్తారు. రక్తంలోకి గబగబా పోతే గుండె ఆగిపోతుంది. షాపులో కొని ఊళ్లో సూది వేసేవాళ్లతో పెట్టించే పని మాత్రం వద్దు.

4. ఇసుక పాన్పు: అసలు వైద్యం ఇదే

లేవని పెయ్య బతకడం, పోవడం చాలావరకు అది పడుకున్న నేల మీద ఆధారపడుతుంది. సిమెంటు గచ్చు మీద, బండల మీద ఒకే పక్కన 6 నుంచి 12 గంటలు పడుకుంటే కింద నలిగిన తొడ కండ చచ్చుబడటం మొదలవుతుంది. నరం నాలుగు రోజుల్లో కోలుకునేదే అయినా, కండ పోయాక ఇక లేవదు. కాబట్టి డాక్టరు వచ్చేదాకా ఆగకుండా మొదటి పూటే ఈ పని చేయాలి.

గచ్చు మీద గోనె సంచి పరిచి సరిపెట్టకండి. జారుతుంది, ఒత్తుకుంటుంది. ఏటి ఇసుక కావాలి. మందం అర అడుగుకు తగ్గితే లాభం లేదు, అడుగు ఉంటే మంచిది. ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక ఎవరి వాకిట్లో ఉందో ఊరందరికీ తెలుసు. మొహమాటపడకుండా అడగండి, ట్రాక్టరు ట్రక్కులో సగం చాలు. తీరం ఊళ్లలో దిబ్బ ఇసుకైనా సరే, తడిగా లేకుంటే చాలు. ఇసుక మీద పలచగా వరిగడ్డి పరిచి, పేడ పడ్డప్పుడల్లా ఆ గడ్డి తీసి కొత్తది వేయండి.

పెయ్యను పాన్పు మీదకు చేర్చేటప్పుడు తాడుతో మెడ పట్టి ఈడ్చొద్దు. పరదా పట్టా మీదకో, పాత తలుపు మీదకో దొర్లించి దాంతో సహా లాగండి.

ఇక పక్క మార్చడం:

- పగలు మూడు గంటలకోసారి, రాత్రి నాలుగు గంటలకోసారి. కింద ఉన్న వెనక కాలు ఈసారి పైకి రావాలి.
- ఇద్దరు చాలు. ఒకరు తల పట్టుకుంటే, ఇంకొకరు కింది కాలిని పొట్ట కిందుగా అవతలికి నెట్టాలి.
- మార్చిన ప్రతిసారీ తొడలు, పిరుదులు, మోకాళ్లు ఐదు నిమిషాలు అరచేత్తో రుద్దాలి. నూనె రాసినా రాయకపోయినా రుద్దడమే ముఖ్యం.
- ఏ టైముకు ఏ పక్కకు మార్చారో నోటుపుస్తకంలో రాయండి. రాయకపోతే ఇంట్లో ఇద్దరూ రెండోవాళ్లు మార్చారనుకుంటారు.

వెనక కాళ్లు చెరో పక్కకు చీలిపోతుంటే గిట్టల పై కీలుకు కొంచెం పైన మెత్తటి గుడ్డ చుట్టి, రెండు కాళ్లనూ మధ్యలో సుమారు రెండడుగుల వదులు ఉండేలా తాడుతో కట్టండి. నిలబడే వీలుండాలి, చీలిపోయే వీలు ఉండకూడదు. ఈ ఒక్క తాడు లేక తుంటి విరిగి పోయిన పెయ్యలు ఎన్నో.

లేపడం రోజుకు రెండుసార్లు చాలు. పొట్ట కిందుగా, వెనక కాళ్ల ముందు వైపు గోనె పట్టాలు దూర్చి, ఆరుగురు పట్టి ఎత్తండి. సరుగుడు వాసాలతో ముక్కాలి పందిరి వేసి కప్పీతో లేపేవాళ్లు ఉంటే ఇంకా మేలు. కాళ్లు ఊని ప్రయత్నం చేస్తే పది నిమిషాలు ఆసరా ఇవ్వండి. కాళ్లు వేలాడేస్తే వెంటనే దించండి, అలాగే వేలాడదీసి ఉంచితే కొత్త దెబ్బలు. తోక పట్టి లాగడం, ముల్లుగర్రతో పొడవడం, తోక మెలిపెట్టడం వద్దు. లేవగలిగితే అదే లేచేది.

ఎంతకాలం చూడాలి? మేత తింటూ, తనంతట తాను కదిలే ప్రయత్నం చేస్తున్నంతకాలం చూడొచ్చు. వారం, పది రోజుల తర్వాత లేచినవీ ఉన్నాయి. మేత మానేసి, కూర్చోబెట్టినా చాపుకొని పడిపోతుంటే డాక్టరుతో నిజం మాట్లాడుకోవాల్సిన రోజు వచ్చినట్టే.

వైశాఖ, జ్యేష్ఠ మాసాల్లో ఈనితే నీడ, గాలి చూడండి. రేకుల కొట్టం మధ్యాహ్నం పొయ్యి. వేపచెట్టు కింద పాన్పు వేసి ఒంటి మీద తడిగుడ్డ కప్పడం నయం. కార్తీకంలో వాయుగుండం వానలకైతే పాన్పు చుట్టూ కాలవ తీయాలి. తడిసిన ఇసుక మీద పొదుగు ఆనితే పొదుగువాపు గ్యారంటీ.

5. మాయ: ఏం చేయాలో కంటే ఏం చేయకూడదో ఎక్కువ

మామూలుగా ఈనిన 8 నుంచి 12 గంటల్లో మాయ పడుతుంది. లాగి ఈనించిన వాటిలో ఆలస్యం ఎక్కువ. 12 గంటలు దాటితే డాక్టరుకు చెప్పండి. కానీ కంగారు పడి చేసే పనులే ప్రాణం మీదకు తెస్తాయి.

- వేలాడే మాయకు చెప్పు, రాయి, ఇటుక కట్టొద్దు. బరువుకు గర్భసంచే బయటికి రావొచ్చు.
- చేయి పెట్టి ఒలిపించొద్దు. ఊడిన చోటల్లా పచ్చి పుండే, అక్కడి నుంచే విషం ఎక్కుతుంది.
- లోపలికి నూనెలు, పసుపు నీళ్లు, డెట్టాల్ పోయొద్దు.
- పొదుగుకు తగిలేంత పొడుగ్గా వేలాడుతుంటే, అందిన మేర కత్తిరించి మిగతాది వదిలేయండి.

జ్వరం లేకుండా మేత తింటుంటే మాయ కొన్ని రోజులకు కుళ్లి దానంతటదే పడుతుంది. వాసన భరించలేం గానీ ప్రమాదం వాసనలో లేదు, జ్వరంలో ఉంది.

మాయను ఉత్త చేతులతో తాకొద్దు. మాయ ఆగడానికి ఒక కారణం బ్రూసెల్లా అనే సూక్ష్మజీవి. అది మనుషులకూ అంటుతుంది, నెలల తరబడి జ్వరం, కీళ్ల నొప్పులు తెస్తుంది. కడుపుతో ఉన్న ఆడవాళ్లను ఆ పనికి పంపొద్దు. పడిన మాయను కుక్కలకు అందకుండా లోతు గుంటలో సున్నం చల్లి పూడ్చండి. జున్ను అయినా పాలైనా కాచకుండా తాగొద్దు.

*మెయ్య దిగితే,* అంటే గర్భసంచి ఎర్రటి ముద్దగా బయటికి వస్తే, అది గంటల్లో ప్రాణం తీసే సంగతి. శుభ్రమైన తడిగుడ్డ మీద పెట్టి, ఉప్పు కలిపిన చల్లటి నీళ్లతో కడిగి, ఇంకో తడిగుడ్డ కప్పండి. వెనక భాగం ఎత్తులో ఉండేలా ఇసుక సర్దండి. కాకులు, కుక్కలు రాకుండా ఒక మనిషి అక్కడే ఉండాలి. వాపు ఎక్కువగా ఉంటే పంచదార చల్లితే కొంత దిగుతుంది. లోపలికి నెట్టే పని డాక్టరుది.

6. పది రోజులు, రోజుకు రెండుసార్లు థర్మామీటర్

పేడ ద్వారంలో రెండంగుళాలు దూర్చి, పక్క గోడకు ఆనేలా రెండు నిమిషాలు పట్టుకోండి. మధ్యలో పేడలో గుచ్చితే తప్పు అంకె వస్తుంది. ఆవుకు 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ మామూలు, బర్రెకు ఒక డిగ్రీ దాకా తక్కువ ఉండొచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం చూస్తే కొంచెం ఎక్కువే చూపిస్తుంది కాబట్టి తెల్లారి ఆరింటికి, రాత్రి ఎనిమిదింటికి చూడండి.

నోటుపుస్తకంలో రోజూ రాయాల్సినవి:

- ఉష్ణోగ్రత, రెండు పూటలా
- ఎంత మేత తింది, ఎన్ని బకెట్ల నీళ్లు తాగింది
- నెమరు వేసిందా, పేడ వేసిందా, మూత్రం పోసిందా
- వెనక స్రావం రంగు, వాసన
- పాలు, రోజుకెన్ని లీటర్లు

కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే డాక్టరును పిలవండి, తెల్లారనివ్వొద్దు:

- 103 దాటిన జ్వరం, లేదా 100 కంటే తక్కువ ఉండి ఒళ్లు చల్లబడటం
- కుళ్లు వాసనతో పలచటి ఎర్రని, బూడిదరంగు స్రావం
- ముక్కుతూ, నడుము వంచి నిలబడటం
- ఎడమ డొక్క ఉబ్బడం, నెమరు ఆగిపోవడం
- కాఫీ రంగు మూత్రం

చివరిదాన్ని "వేడి చేసింది" అని మజ్జిగ పోసి ఊరుకుంటారు. బర్రెల్లో ఈనిన తర్వాతి వారాల్లో ఒంట్లో భాస్వరం తగ్గి ఇలా జరుగుతుంది, సంకరజాతి ఆవుల్లో గోమారి జ్వరం, అంటే పిడుదులు కుట్టడం వల్ల వచ్చే జబ్బు కావొచ్చు. రెండింటికీ మజ్జిగ మందు కాదు.

వాసన లేని చిక్కటి ముదురు ఎరుపు స్రావం రెండు వారాల దాకా మామూలే, దానికి టెన్షన్ పడనక్కర్లేదు.

7. మేత, నీళ్లు

"ఈని అలసిపోయింది, బలం కావాలి" అని కుండెడు అన్నమో, సజ్జ సంకటో పెడతారు. ఖాళీ కడుపులో అంత పిండిపదార్థం పడితే పులిసి అజీర్తి చేస్తుంది. అది విషం ఎక్కిన పెయ్యకు రెండో దెబ్బ.

మొదటి రెండు రోజులు పచ్చిగడ్డి, దానికి తోడు ఎండుగడ్డి, కిలో తవుడు తడిపి కొంచెం బెల్లం. పచ్చగడ్డి దొరకని మెట్ట ఊళ్లలో జొన్న చొప్ప ముక్కలు, శనగ పొట్టు పెట్టొచ్చు. మూడో రోజు నుంచి దాణా కిలోతో మొదలుపెట్టి రెండు రోజులకోసారి అరకిలో పెంచండి. తినకుండా మిగిల్చిన రోజున పెంచొద్దు. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు.

లేవలేని పెయ్యకు గంట గంటకూ నీళ్లు మూతి దగ్గరికి తీసుకెళ్లాలి. తొట్టి దాకా వెళ్లలేదు కదా.

గొట్టంతో గంజి, మందు, కషాయం పోయడం గురించి ఒక్క మాట. తల పైకెత్తి, నాలుక బయటికి లాగి పోస్తే సగం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండు రోజులకు ఊపిరి రొప్పుతూ చనిపోతే "ఈత వల్ల పోయింది" అంటారు. తనంతట తాను మింగని గొడ్డుకు నోటి ద్వారా ఏదీ పోయొద్దు.

8. పొదుగు

తొలి ఈతలో పొదుగు వాచడం సహజం. రోజుకు మూడుసార్లు మెల్లగా పితకండి. పడుకున్న పెయ్యనైనా ప్రతిసారీ పక్క మార్చి నాలుగు రొమ్ములూ పిండాలి. మొదటి ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడండి. గడ్డలు, నీళ్లు, రక్తం కనిపిస్తే పొదుగువాపు మొదలైనట్టే. పితికాక రొమ్ములను అయోడిన్ నీళ్లలో ముంచండి.

9. మందుల దగ్గర జాగ్రత్తలు

డాక్టరు ఐదు రోజులు రాసిన యాంటీబయాటిక్ ఐదు రోజులూ పడాలి. రెండో రోజు మేత తింటోందని ఆపితే పదో రోజుకు చీము తిరగబెడుతుంది. కోర్సు నడుస్తున్నప్పుడూ, అయ్యాక డాక్టరు చెప్పినన్ని రోజులూ ఆ పాలు కేంద్రానికి పోయొద్దు.

నొప్పికి మెలాక్సికామ్ లాంటి సురక్షితమైన మందులున్నాయి. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటం 2006 నుంచి నిషేధం. కళేబరాలు తిన్న రాబందులు దాని వల్లే అంతరించే స్థితికి వచ్చాయి. మనుషుల కోసం అమ్మే సీసాలో మిగిలింది తెచ్చి పొడవడం ఇంకా జరుగుతోంది, మానండి.

మానం దగ్గర చిరుగులు ఉంటే పోవిడోన్ అయోడిన్‌ను లేత టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలిపి పైపైన కడగండి. చుట్టూ వేపనూనె రాస్తే ఈగలు వాలవు.

10. మూడో వారం నుంచి మళ్లీ కట్టించేదాకా

లేచి తిరుగుతోంది, పాలిస్తోంది కదా అని డాక్టరును మర్చిపోతారు. గర్భసంచి మామూలు సైజుకు రావడానికే 30 నుంచి 45 రోజులు పడుతుంది. 40వ రోజు దగ్గర ఒకసారి చూపించండి, నోటుపుస్తకం తీసుకెళ్లండి. జ్వరం ఎన్ని రోజులుందో, మాయ ఎప్పుడు పడిందో మాటలతో చెబితే తేదీలు కలిసిపోతాయి.

60 రోజుల్లోపు ఎదకు వచ్చినా కట్టించే సూది, అంటే వీర్యం సూది వేయించొద్దు. కష్టంగా ఈనిన పెయ్యకు 90 రోజులు ఆగినా నష్టం లేదు. వేయించేటప్పుడు చిన్న దూడలు పుట్టే ఆంబోతు వీర్యం కావాలని అడగండి, పొట్టి పెయ్యకు భారీ జాతి వీర్యం వేయించడం వల్లే సగం లాగుళ్లు.

ఎదకు వచ్చినప్పుడు కారే తీగ గాజులా తేటగా ఉండాలి. అందులో తెల్లటి చీము నలకలు కనిపిస్తే ఆ ఎద వదిలేసి, గర్భసంచికి మందు పెట్టించి, తర్వాతి ఎదకు చూసుకోండి.